అజిలిటీ టెస్టుల డైరీ: చింపేసిన మొదటి పట్టిక నుంచి

మహిళా డిగ్రీ కళాశాలలో ఫిజికల్ డైరెక్టర్‌గా పనిచేస్తున్నాను. ఇందులో ఉన్నది 12 వారాల పని. 24 మంది అమ్మాయిలు, 18 నుంచి 20 ఏళ్లవాళ్లు. అథ్లెటిక్స్‌లో 6 (స్ప్రింట్లు, లాంగ్‌జంప్), షటిల్ 6, కబడ్డీ 6, ఖోఖో 6. సగం మంది ఒక్కరే ఆడే ఆటలవాళ్లు, సగం మంది జట్టు ఆటలవాళ్లు. ఎవరిలో చురుకుదనం (అజిలిటీ) ఎక్కువో కొలవాలనుకున్నాం. ఇదే పని తలపెట్టే పీడీలు (ఫిజికల్ డైరెక్టర్లు), పీఈటీలు (వ్యాయామ ఉపాధ్యాయులు) నాకు వృథా అయిన వారాలను వృథా చేసుకోకూడదని రాస్తున్నాను.

అంకెలన్నీ మా మైదానంలో, మా పిల్లలవి. ఆటకు ఆరుగురు చాలా తక్కువ. వీటిని ప్రమాణాలుగా పెట్టుకుని మీ పిల్లలకు మార్కులు వేయకండి.

దశ 1 (1, 2 వారాలు): ఇల్లినాయ్ టెస్ట్

పొడవు 10 మీటర్లు, వెడల్పు 5 మీటర్లు. మధ్యలో 3.3 మీటర్ల ఎడంతో నాలుగు కోన్లు. బోర్లా పడుకుని మొదలుపెట్టాలి. విజిల్ వినగానే లేచి పరుగెత్తి, మధ్య కోన్ల చుట్టూ వంకర్లు తిరుగుతూ వెళ్లి, వచ్చి, చివరి గీత దాటాలి. ఒక్కొక్కరికి రెండు అవకాశాలు, మంచిది తీసుకున్నాం.

మొదటి పట్టిక, సగటు సెకన్లలో:

అథ్లెటిక్స్ 18.6
ఖోఖో 19.0
షటిల్ 19.1
కబడ్డీ 19.4

పట్టిక చూసినవాళ్లు వెంటనే నోటీసు బోర్డుకు పెట్టమన్నారు. నాకు మనసొప్పలేదు. కబడ్డీ అమ్మాయిలు ఆఖర్న ఉండటం కోర్టులో రోజూ చూసేదానికి పొసగలేదు. ముగ్గురు డిఫెండర్లు చుట్టుముట్టినా నడుము తిప్పి గీత తాకి వచ్చే పిల్ల చురుకు లేనిదెలా అవుతుంది? ఇక టెస్టునే పరీక్షించడం మొదలుపెట్టాను. బయటపడినవి ఇవి:

1. టేపు సాగిపోయింది. కాలేజీలో ఏళ్లుగా ఉన్న గుడ్డ టేపుతో గీతలు వేశాం. స్టీలు టేపు అరువు తెచ్చి చూస్తే మా 10 మీటర్లు నిజానికి 10.18.
2. మూలలు మట్టం లేవు. 10×5 దీర్ఘచతురస్రంలో రెండు కర్ణాలూ 11.18 మీటర్లు రావాలి. మావి ఒకటి 11.20, ఇంకోటి 11.56. అంటే ఒకవైపు మలుపు మరోవైపు మలుపు కన్నా పదునుగా ఉంది.
3. కాళ్లకు ఉన్నవి వేరువేరు. ఇదే అన్నిటికన్నా పెద్ద తప్పు. అథ్లెట్లు స్పైక్స్‌తో పరుగెత్తారు. షటిల్ పిల్లలు కోర్టు షూస్‌తో, ఖోఖోలో నలుగురు, కబడ్డీలో ముగ్గురు వట్టి కాళ్లతో. మాది మొరం మైదానం. మలుపు దగ్గర స్పైక్ నేలలో దిగుతుంది, వట్టి కాలు జారుతుంది. నేను కొలిచింది అమ్మాయిలను కాదు, వాళ్ల చెప్పుల ఖరీదును.
4. దారి మరిచిపోవడం. 48 పరుగుల్లో 9 సార్లు ఎవరో ఒకరు తప్పు కోన్ చుట్టూ తిరిగారు. సర్దుకుని పూర్తిచేసినవాళ్ల టైము కూడా పట్టికలో చేరింది.
5. స్టాప్‌వాచ్. ఒకే పరుగును ఇద్దరం పక్కపక్కన నిలబడి 20 సార్లు కొలిచాం. సగటు తేడా 0.17 సెకన్లు, అన్నిటికన్నా పెద్దది 0.41. ఖోఖోకూ షటిల్‌కూ మధ్య నేను చూపించిన తేడా 0.1. అది ఆటల తేడా కాదు, నా బొటనవేలు తేడా.

పట్టిక చింపేశాను.

*ఇప్పటిదాకా: పరుగులు 48, పనికొచ్చినవి 0. ఖర్చు రూ. 480 (12 కోన్లు).*

దశ 2 (3, 4 వారాలు): నేల, గీతలు, కాళ్లు

మళ్లీ చేసిన క్రమం:

1. స్టీలు టేపు కొన్నాం. నాలుగు మూలల్లో ఇనుప మేకులు నేల మట్టానికి దిగ్గొట్టాం. రెండు కర్ణాలూ 11.18 వచ్చేదాకా జరిపాం, 1 సెం.మీ. తేడా వరకు ఒప్పుకున్నాం.
2. మేకుల మధ్య పురికోస లాగి, దాని వెంట సున్నం గీత. కోన్లు పరుగులో జరుగుతాయి కాబట్టి కోన్ అడుగున కూడా సున్నంతో గుర్తు.
3. అందరికీ ఒకే రకం అడుగు: అడుగున బొడిపెలు లేని మామూలు కాన్వాస్ షూస్. లేనివాళ్లకు ఎన్‌సీసీ గది నుంచి అడిగి తెచ్చాం. వట్టి కాళ్లకు అలవాటు పడ్డవాళ్లకు నాలుగు రోజులు ముందే ఇచ్చి వేసుకుని తిరగమన్నాను.
4. లెక్కకు రాని సాధన రెండు రోజులు, రోజుకు మూడు పరుగులు. దారి కాళ్లకు వచ్చాకే కొలత.
5. పరుగుకూ పరుగుకూ మధ్య 3 నిమిషాలు. ఉదయం 6.15 నుంచి 7.45 లోపే. రాత్రి వాన పడితే ఆ రోజు వాయిదా. నాలుగో వారం మొదట్లో తడి నేల మీద ఒక ఖోఖో అమ్మాయి చీలమండ మెలిపడింది. పది రోజులు ఆటకు దూరమైంది. ఆ రోజు టెస్టు పెట్టడం నా తప్పు.
6. ఒంట్లో బాగోలేదంటే కారణం అడగకుండా వేరే రోజు ఇవ్వడం. ఆడపిల్లలతో పనిచేసేవాళ్లు దీన్ని నియమంగా ముందే చెప్పాలి. లేకపోతే నొప్పితోనే పరుగెత్తి, ఆ టైమునే మనకిస్తారు.

తర్వాత రెండు రోజుల తేడాతో అందరికీ రెండుసార్లు అదే టెస్టు. ఈ లెక్క దయచేసి ఎవరూ వదిలేయకండి: ఒక్కొక్కరికి మొదటి రోజు టైముకూ రెండో రోజు టైముకూ తేడా రాయాలి. ఆ తేడాల ప్రామాణిక విచలనం (స్టాండర్డ్ డీవియేషన్, అంటే అవి సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే అంకె) కట్టి 1.41తో భాగించాలి. వచ్చేది మన టెస్టు సహజంగా ఊగే ఊగు. పాత పద్ధతిలో రెండో వారం తీసిన టైములతో లెక్కిస్తే 0.46 సెకన్లు. కొత్త పద్ధతిలో 0.21. ఒక అమ్మాయి వారంలో 0.2 మెరుగైందని మురిసిపోవడానికి లేదన్నమాట, ఆమె ఏమీ మారకుండానే అంత తేడా రావచ్చు.

ఆటల వరుస మారలేదు గానీ దూరాలు తగ్గాయి. అథ్లెటిక్స్ 18.7, కబడ్డీ 19.1. మొదటి పట్టికలోని 0.8 తేడాలో సగం స్పైక్స్‌తో, సాగిన టేపుతో పోయింది.

*ఇప్పటిదాకా: పరుగులు 144, పనికొచ్చినవి 91. ఖర్చు రూ. 1,740 (స్టీలు టేపు 900, మేకులు, పురికోస 120, సున్నం 240 కలిపి).*

దశ 3 (5, 6 వారాలు): బొటనవేలి బదులు లేజర్

అథ్లెటిక్స్‌లో చేతి వాచీలతో కొలిచేటప్పుడు ముగ్గురిని పెట్టి మధ్య టైము తీసుకుంటారు. మాకు రోజూ ముగ్గురు దొరకరు. మనిషి దాటగానే కిరణం తెగి టైము నమోదు చేసే టైమింగ్ గేట్లు కొనే బడ్జెట్ మాకు లేదు. ఫిజిక్స్ ల్యాబ్ సహాయకుడు, ఎలక్ట్రానిక్స్ చదివే ఒక అమ్మాయి కలిసి గేట్లు కట్టారు. ఒకవైపు ఎర్ర లేజర్, ఎదురుగా వెలుతురును బట్టి నిరోధం మారే ఎల్‌డీఆర్, లెక్క కట్టడానికి ఆర్డునో నానో అనే చిన్న కంప్యూటర్ బోర్డు, చిన్న డిస్‌ప్లే. స్టాండ్ల బదులు క్యాంటీన్ ఇనుప స్టూళ్లు.

రెండు వారాలూ తప్పులతోనే గడిచాయి.

ఎండ ఎక్కగానే సెన్సర్ గుడ్డిదైంది. ఏడు గంటల తర్వాత సూర్యకాంతే లేజర్ కన్నా ఎక్కువ పడుతోంది, కిరణం తెగినా తెలియడం లేదు. ఎల్‌డీఆర్‌ను 20 సెం.మీ. పీవీసీ గొట్టం లోపలి చివర పెట్టి, గొట్టం లోపలంతా నల్ల రంగు వేశాం. నోరు సూర్యుడి వైపు లేకుండా స్టూళ్లు అటూ ఇటూ మార్చాం. ఆ తర్వాత తొమ్మిదింటి దాకా పనిచేసింది.

505 టెస్టు (గేటు దాటి 5 మీటర్లు వెళ్లి, తిరిగి అదే గేటుకు వచ్చే పరుగు, వివరం దశ 4లో) మొదలుపెట్టిన రోజు డిస్‌ప్లే మీద 0.08 సెకన్లు వచ్చింది. ఊపుతున్న చెయ్యి ముందు కిరణం తెంపితే వాచీ మొదలైంది, వెనకే వచ్చిన నడుము తెంపితే ఆగింది. మొదటిసారి తెగాక 1.5 సెకన్ల పాటు సెన్సర్‌ను పట్టించుకోవద్దని ప్రోగ్రాంలో రాశాం. 505ను అంత తొందరగా ఎవరూ పూర్తిచేయలేరు కాబట్టి ఇబ్బంది లేదు. కిరణం ఎత్తు కూడా ఛాతీ నుంచి తుంటి దగ్గరికి, 95 సెం.మీ.కి దించాం. ఇల్లినాయ్‌కి మాత్రం గేటు కుదరలేదు. బోర్లా పడుకున్న మనిషి లేచేటప్పుడు కిరణాన్ని ఎప్పుడు తెంపుతుందో ఒక పద్ధతి లేదు. నిలబడి మొదలుపెడితే కుదురుతుంది గానీ అప్పుడది ఇల్లినాయ్ టెస్టు కాదు, పుస్తకాల్లోని టైములతో పోల్చకూడదు.

మూడోది కంటికి కనిపించని తప్పు. ఈ బోర్డుల గడియారం ఖచ్చితంగా ఉంటుందని నమ్మకండి. 600 సెకన్లు ఫోన్ స్టాప్‌వాచ్ పక్కన పెట్టి నడిపితే మాది 0.9 సెకన్లు వెనకబడింది. 3 సెకన్ల పరుగుకు అది లెక్కలోది కాదు. అయినా ప్రతి టైమునూ 1.0015తో గుణించే వరుస ప్రోగ్రాంలో చేర్చాం.

లేజర్‌ను ఎవరూ సూటిగా చూడకూడదు. గేట్లు సర్దేటప్పుడు మోకాళ్ల మీద కూర్చునే పిల్లలకు ఈ మాట ప్రతి రోజూ చెప్పాను.

*ఇప్పటిదాకా: పరుగులు 204, పనికొచ్చినవి 91. ఖర్చు రూ. 3,570.*

దశ 4 (7, 8 వారాలు): 505, మలుపును విడిగా చూడటం

ఇల్లినాయ్‌లో నేరు పరుగు చాలా ఉంది. నేరుగా వేగంగా పరుగెత్తేవాళ్లు మలుపుల్లో పోగొట్టుకున్నది దారిలో రాబట్టుకుంటారు. మలుపు ఒక్కటే చూడాలంటే 505 నయం. 10 మీటర్లు పరుగెత్తి గేటు దాటాలి. ఇంకో 5 మీటర్ల దగ్గర గీత మీద ఒక కాలు వేసి వెనక్కి తిరగాలి. మళ్లీ 5 మీటర్లు వచ్చి అదే గేటు దాటాలి. టైము గేటు నుంచి గేటుకు మాత్రమే.

దీనికి తోడు నేరు 10 మీటర్ల టైము కూడా తీశాం. 505 టైములోంచి దాన్ని తీసేస్తే మలుపుకు అయిన ఖర్చు మిగులుతుంది. క్రీడా శాస్త్రవేత్త సోఫియా నింఫియస్ బృందం ప్రచారంలోకి తెచ్చిన లెక్క ఇది.

సగటులు (10 మీ. / 505 / మలుపు ఖర్చు):

అథ్లెటిక్స్ 2.08 / 2.81 / 0.73
ఖోఖో 2.14 / 2.78 / 0.64
కబడ్డీ 2.20 / 2.81 / 0.61
షటిల్ 2.21 / 2.80 / 0.59

మధ్య అంకె చూడండి. నాలుగు ఆటలూ దాదాపు ఒక్కచోటే ఉన్నాయి. మూడో అంకెలో మొదటి పట్టిక తలకిందులైంది. మా స్ప్రింటర్లు వేగంగా వచ్చి మలుపు దగ్గర పోగొట్టుకుంటున్నారు.

ఇక్కడ తొందరపడకూడదు. వేగంగా వచ్చినవాళ్లు ఆగడానికి ఎక్కువ బలం పెట్టాలి, కాబట్టి వాళ్ల ఖర్చు ఎక్కువ కావడంలో కొంత న్యాయం ఉంది. అది పూర్తిగా వాళ్ల లోపం కాదు. ఇంకోటి: మాకు 10 మీటర్ల ఊగు 0.04, 505 ఊగు 0.05. ఒకదాంట్లోంచి ఇంకోటి తీసేస్తే ఊగులు తగ్గవు, కలుస్తాయి. రెండు వర్గాల మొత్తానికి వర్గమూలం, సుమారు 0.064. కాబట్టి షటిల్‌కూ ఖోఖోకూ మధ్య ఉన్న 0.05 తేడాకు నేను పేరు పెట్టను. అథ్లెటిక్స్‌కూ మిగతావాళ్లకూ ఉన్న తేడా మాత్రం ఆరుగురిలో ఐదుగురిలో కనిపించింది.

ఎడమ కాలి మీద, కుడి కాలి మీద తిరగడం విడివిడిగా కొలవండి. కబడ్డీలో ఎడమ కార్నర్‌లో ఆడే ఇద్దరికి రెండు వైపుల మధ్య 0.12, 0.15 తేడా వచ్చింది. సగటు తీసి ఉంటే అది నాకు తెలిసేదే కాదు.

ఖోఖో గురించి ఒక మాట. చేజర్ ఒక దిశ తీసుకున్నాక పోల్ దాటేదాకా వెనక్కి తిరగకూడదు. రన్నర్‌కు ఆ నియమం లేదు, వరుసలో కూర్చున్నవాళ్ల మధ్య నుంచి ఎటైనా దూరి తప్పించుకోవచ్చు. ఒకే అమ్మాయి తరిమేటప్పుడు ఒక రకంగా, తప్పించుకునేటప్పుడు ఇంకో రకంగా కదులుతుంది. 180 డిగ్రీలు తిరిగే 505 ఆమె ఆటలో ఏ భాగాన్ని కొలుస్తోందో నాకింకా తేలలేదు.

*ఇప్పటిదాకా: పరుగులు 348, పనికొచ్చినవి 230. ఖర్చు రూ. 3,570 (మారలేదు).*

దశ 5 (9, 10 వారాలు): బల్బు

అజిలిటీకి క్రీడా శాస్త్రవేత్తలు జెరెమీ షెపర్డ్, వారెన్ యంగ్ 2006లో ఇచ్చిన నిర్వచనాన్ని ఇప్పుడు చాలామంది వాడుతున్నారు. ఏదో ఒక సంకేతానికి స్పందిస్తూ శరీరం మొత్తం వేగాన్నో దిశనో చటుక్కున మార్చుకోవడమే అజిలిటీ అన్నది దాని సారం. ఎటు తిరగాలో ముందే తెలిసిన పరుగులు, అంటే నేను ఎనిమిది వారాలు కొలిచినవన్నీ, ఆ నిర్వచనం కిందికి రావు. అవి దిశ మార్చే వేగం మాత్రమే.

ఇంగ్లిషు వై అక్షరం ఆకారంలో దారి వేశాం. 5 మీటర్లు నేరుగా వచ్చి గేటు తెంపగానే ఎడమో కుడో ఒక బల్బు వెలుగుతుంది. అటు 45 డిగ్రీలు తిరిగి ఇంకో 5 మీటర్లు. ఒక్కొక్కరికి ఆరు పరుగులు.

మూడో రోజు ఒక కబడ్డీ అమ్మాయి నా దగ్గరికి వచ్చింది.

"మేడమ్, పొద్దున ఆన్ చేశాక మొదటిది ఎప్పుడూ ఎడమే కదండీ? తర్వాత రెండు కుడివి."

చూసుకుంటే నిజమే. ఆర్డునోలో యాదృచ్ఛిక అంకెలు అడిగితే, వరుస ఎక్కడ మొదలవాలో చెప్పే విత్తనం అంకె (సీడ్) ఇవ్వకపోతే, కరెంటు ఇచ్చిన ప్రతిసారీ అదే వరుస వస్తుంది. బల్బు యాదృచ్ఛికమని నేను నమ్మాను, పిల్లలు దాన్ని చదివేశారు. 144 పరుగులు మొత్తం పక్కన పెట్టాల్సి వచ్చింది. ఏ తీగా తగిలించని పిన్ను మీద వచ్చే పిచ్చి అంకెను విత్తనంగా ఇచ్చాక వరుస రోజుకోలా మారింది. ఆ పిల్ల చెప్పకపోతే ఆ పట్టిక కూడా గోడకెక్కేదే.

మళ్లీ చేసిన 144 పరుగుల్లో 141 మిగిలాయి. బల్బు వెలిగిన క్షణం నుంచి దిశ మార్చే అడుగు నేల తాకేదాకా ఫోన్ వీడియోలో ఫ్రేములు లెక్కపెట్టాం. సెకనుకు 240 ఫ్రేములైతే ఒక్కో ఫ్రేము 4.17 మిల్లీసెకన్లు. కొన్ని ఫోన్లు 240 అని చెప్పి సగం ఫ్రేములను అల్లి నింపుతాయి. ముందుగా వేగంగా కదిలే వస్తువును వీడియో తీసి, ఒకే బొమ్మ రెండేసి ఫ్రేముల్లో వస్తోందేమో, రెండు బొమ్మలు కలిసిపోయిన ఫ్రేములు ఉన్నాయేమో చూసుకోండి. మా మొదటి ఫోన్ అలాగే దొరికిపోయింది.

ఫలితం: నాలుగు ఆటలూ 0.40, 0.44 మధ్యే. విడదీయడానికి ఏమీ లేదు.

*ఇప్పటిదాకా: పరుగులు 636, పనికొచ్చినవి 371. ఖర్చు రూ. 4,310.*

దశ 6 (11, 12 వారాలు): బల్బు స్థానంలో మనిషి

బల్బుకు భుజం ఉండదు, తుంటి ఉండదు. కబడ్డీలో కూతకు వెళ్లిన అమ్మాయి కార్నర్ కాళ్ల బరువు ఎటు పడుతోందో చూస్తుంది. షటిల్‌లో ఎదుటి అమ్మాయి రాకెట్ పట్టే తీరు, మోచెయ్యి చూస్తుంది. బల్బు ఈ నేర్పునంతా పనిలేకుండా చేసింది.

మార్పు ఇది:

1. గేటుకు 5 మీటర్ల అవతల నేను నిలబడతాను.
2. అమ్మాయి బయల్దేరగానే ఒక అడుగో రెండడుగులో ముందుకు వేసి ఎడమకో కుడికో కదులుతాను. మొత్తం నాలుగు రకాలు.
3. ఏ రకమో చీటీలో ఉంటుంది. ఇంకో అమ్మాయి కలిపి తీస్తుంది, నేను చూసి జేబులో వేసుకుంటాను.
4. నా కాలు నేల తాకిన ఫ్రేము నుంచి ఆమె దిశ మార్చే కాలు తాకిన ఫ్రేము దాకా లెక్క.
5. రోజుకు ఎనిమిది మందే. మొదటి రోజు పన్నెండు మందిని పెట్టాను. వీడియోలో చివరి నలుగురి దగ్గర నా అడుగే మందగించింది, ఆ పరుగులు తీసేశాను.

144లో 128 మిగిలాయి. కబడ్డీ 0.21, ఖోఖో 0.24, షటిల్ 0.25, అథ్లెటిక్స్ 0.36. ఈ కొలత ఊగు 0.04. ఇంత స్పష్టమైన తేడా ఈ పన్నెండు వారాల్లో ఇంకెక్కడా రాలేదు.

వీడియో మళ్లీ మళ్లీ చూస్తే కారణం కొంత కనిపించింది. ఎడమకు వెళ్లే ముందు నా ఎడమ భుజం ఐదారు ఫ్రేముల ముందే వంగుతోంది. కబడ్డీ పిల్లలు నా కాలిని కాదు, ఆ భుజాన్ని చదువుతున్నారు. చదవడం వాళ్ల నేర్పే. కానీ రోజూ నాతో సాధన చేసే పిల్లలు నన్ను చదవడం, ఎప్పుడూ చూడని మనిషిని చదవడం ఒకటి కాదు. అందుకని ఎవరికీ పరిచయం లేని ఒక పాత ఖోఖో క్రీడాకారిణిని బతిమాలి మూడు రోజులు నా స్థానంలో నిలబెట్టాను. ఇంకో 144 పరుగులు, 133 పనికొచ్చాయి. కబడ్డీ 0.25, ఖోఖో 0.26, షటిల్ 0.27, అథ్లెటిక్స్ 0.36. దూరం తగ్గింది, కానీ పోలేదు.

ఇక పట్టికలో శీర్షికలు మార్చాను. "వ్యక్తిగత ఆటలు", "జట్టు ఆటలు" అని రెండు నిలువు వరుసలు పెట్టుకుని మొదలుపెట్టాను. షటిల్ వ్యక్తిగత ఆట, అయినా తేడా కనిపించిన ప్రతి టెస్టులో దాని అంకెలు లాంగ్‌జంప్ పక్కన కాక కబడ్డీ పక్కనే పడ్డాయి. అథ్లెట్‌తో కలిపి సగటు తీస్తే రెండింటి నిజమూ పోతుంది. ఇప్పుడు వరుసలు "ఎదుటి మనిషిని చదవాల్సిన ఆట", "చదవక్కర్లేని ఆట". స్ప్రింటర్ ఈ టెస్టులో వెనకబడటం ఆమె తక్కువని చెప్పదు. ఆమె ఆట ఆమెను అది ఎన్నడూ అడగలేదు.

ఎంపికలకు పిల్లల్ని పంపే తోటి పీడీలకు నేనివ్వగలిగింది ఇంతే: కబడ్డీ, ఖోఖో, షటిల్ పిల్లలకు షటిల్ రన్ (రెండు గీతల మధ్య అటూ ఇటూ పరుగు)తో పాటు మనిషి ఎదురుగా ఉన్న టెస్టు ఒకటి పెట్టండి. గేట్లు లేకపోయినా ఫోన్ చాలు. ఒక్క అంకెతో నాలుగు ఆటలకు వరుస నంబర్లు మాత్రం ఇవ్వకండి.

*మొత్తం: పరుగులు 924, పనికొచ్చినవి 632. ఖర్చు రూ. 4,310.*

లాంగ్‌జంప్ అమ్మాయిల్లో ఇద్దరు కబడ్డీ పిల్లలతో కలిసి సాధన చేస్తామని అడిగారు. వారానికి రెండు రోజులు, పావుగంట, ఎదుటి మనిషి కదలికను అద్దంలా అనుసరించే ఆట. మొదలుపెట్టే ముందు వాళ్ల అంకెలు 0.38, 0.35. ఆరు వారాల తర్వాత అదే బయటి మనిషితో మళ్లీ కొలుస్తాను. మేకులు నేలలోనే ఉంచేశాను, పైన మట్టి కప్పి పక్కన ఇటుక ముక్క గుర్తుగా పెట్టాను.